ఏడు బొత్తాలు ఎక్కువ

మనిషిని నిలబెట్టి, ఒంటికి టేపు చుట్టి కొలతలు తీయడం కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు. నేను నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కినవాణ్ని. మనిషి గడప దాటి దుకాణంలో అడుగుపెట్టేలోపే ఛాతీ ఎంత, నడుమెంత, ఎడమ భుజం కుడిదానికన్నా ఎంత జారింది, అన్నీ నా కంట్లో పడిపోయేవి. ఒకసారి వేగంగా పోతున్న బస్సు కిటికీలో కనబడిన పెద్దమనిషికి చొక్కా కుట్టి పెట్టాను. ఆయన మళ్లీ ఆ దారిన రాలేదు గానీ, వచ్చి ఉంటే అది అచ్చు గుద్దినట్టు సరిపోయేది. కాదనే మొనగాణ్ని ఈనాటిదాకా నేను చూడలేదు. అలాంటివాణ్ని కాబట్టే, మా కోడలి స్కూల్లో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు ఎంపిక ఇంకా నడుస్తుండగానే, పేర్లు గోడకెక్కకముందే, పన్నెండు మందికీ పన్నెండు జెర్సీలు కుట్టేశాను. ఎవరు జట్టులోకి వస్తారన్నదీ నా అంచనాయే, ఎవరి ఒళ్లెంత అన్నదీ నా అంచనాయే. పన్నెండింట్లో ఒక్కటీ తప్పలేదు.

ఆ చలికాలానికి నేను దుకాణం మూసేసి మిషనును ఇంటి ముందుగదిలో కిటికీ పక్కకు చేర్చుకుని ఏడాది అయింది. మా కోడలు ఆ హైస్కూల్లో ఆటల టీచరు. మా మనవరాలు అక్కడే తొమ్మిదో తరగతి. మా అబ్బాయి బస్సు డ్రైవరు. ఇంట్లో తల్లీకూతుళ్ల మధ్య మాట తేడా వచ్చిందంటే చాలు, అతనికి ఎక్కడో ఒకచోట అదనపు డ్యూటీ పడేది.

మనవరాల్ని స్కూలంతా నిచ్చెన అని పిలిచేది. పుట్టిన రోజునే ఉయ్యాల చాలక కాళ్లు బయట పెట్టుకుని పడుకుందని నేనంటే మా కోడలు ఒప్పుకోదు. ఎనిమిదో తరగతిలో ఒకసారి ఎంపికకు వెళ్తే, ఇంకా చిన్నపిల్లవి, వచ్చే ఏడు చూద్దామన్నారట. ఆ వచ్చే ఏడు ఇదే. సంవత్సరమంతా జట్టులో చోటు తప్ప ఆ పిల్లకు మరో ధ్యాస లేదు. బంతిని మంచం మీద పక్కన పెట్టుకుని పడుకునేది. పెరటి గోడకు కట్టిన ఇనుప చక్రంలోకి వేసి వేసి, అవతలి ఇంటావిడ చేత రోజూ అక్షింతలు వేయించుకునేది. అందరికన్నా ఎక్కువ కష్టపడుతున్నా, స్కూల్లో తోటిపిల్లలు అనేది ఒకటే మాట: టీచరు కూతురికి ఎంపికేమిటి, ఎలాగూ తీసుకుంటారు. ఆ మాట కూతురు చెప్పలేదు, తల్లికి తెలియదనుకుంది. తల్లికి తెలుసు, కూతురికి చెప్పలేదు. ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు.

ఎంపికకు ఇరవై రెండు మంది పిల్లలు వచ్చారు. చోట్లు పన్నెండు. మా కోడలి దగ్గర పెద్ద కాగితం ఒకటి ఉండేది. పొడుగు, పరుగు, దూకుడు, బంతిని నేలకు కొడుతూ తీసుకుపోవడం, బుట్టలో వేయడం, ఇలా గళ్లు గీసి ఒక్కోదానికి పదేసి మార్కులు పెట్టుకుంది. చివరి గడి మాత్రం ఖాళీగా ఉంది. ఆ గడి కోసమే ఒక సాయంత్రం నా మిషను దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, మీరు నాలుగు సాయంత్రాలు కోర్టు పక్కన కూర్చోవాలి," అంది. "అది ఆడుతుంటే నాకు మిగతా పిల్లలు కనబడరు. అది కూడా సరిగ్గా కనబడదు, దాని తప్పులే కనబడతాయి. నా కంటి మీద నాకే నమ్మకం లేదు. మీరు నలభై ఏళ్లలో ఎవరి గుడ్డా జానెడు కాజేయలేదు."

కాజేయలేదనే నేనూ అనుకుంటాను. పైకి మాత్రం గంభీరంగా తలూపాను.

పని చాలా తేలిక. ఇరవై రెండు ఖాళీ డబ్బాలు, వాటి మీద పిల్లల నంబర్లు. నా దగ్గర గుప్పెళ్లకొద్దీ తెల్ల బొత్తాలు. పిల్లలు రెండు జట్లుగా ఆడతారు. బంతి బుట్టలో పడినప్పుడల్లా, వేసిన పిల్లను నేను పట్టించుకోకూడదు. వేసిన పిల్లకు ఆ బంతి ఎవరు అందించారో చూసి, అందించిన పిల్ల డబ్బాలో ఒక బొత్తాం వేయాలి. ఎవరూ అందించకుండా తనంతట తానే తెచ్చుకుని వేస్తే, ఆ బొత్తాం నంబరు లేని ఇరవై మూడో డబ్బాలో పడుతుంది. బుట్టలో వేసినవాళ్లను ఊరంతా చూస్తుందట. అందించిన చేతిని ఎవరో ఒకరు చూడాలట. ఆడిన సాయంత్రాలను బట్టి సగటు తీస్తానని, కనీసం రెండు సాయంత్రాలు ఆడని పిల్లను లెక్కలోకి తీసుకోనని పిల్లలందరికీ ముందే చెప్పింది.

స్కూలు వెనకాల సిమెంటు కోర్టు. మధ్యలో ఒక పొడుగాటి పగులు, ఒకవైపు రింగు కొంచెం వంగి ఉండేది. నేను గోడ నీడలో కుర్చీ వేసుకుని, ముందు బల్ల మీద డబ్బాలు వరసగా పేర్చుకుని, పెద్ద న్యాయమూర్తిలా కూర్చునేవాణ్ని. మొదటి సాయంత్రమే నాకు మా మనవరాలి ఆట అర్థమైపోయింది, అర్థమైనందుకు బాధేసింది. బంతి చేతికొస్తే ఆ పిల్లకు లోకం కనబడేది కాదు. పక్కన ఇద్దరు ఖాళీగా నిలబడి చేతులు చాపి అరుస్తున్నా తనే తీసుకుపోయేది, తనే దూకేది, తనే వేసేది. పది వేస్తే నాలుగు పడేవి. ఆ బొత్తాలన్నీ నంబరు లేని డబ్బాలోకి పోయేవి. మొదటి మూడు సాయంత్రాలకు కలిపి తన డబ్బాలో పడ్డవి ఏడు.

ఇక రోలరు అని ఒక పిల్ల ఉండేది. ఇస్త్రీ చేసే ఆయన కూతురు. మనిషి పొట్టి, వెడల్పు. తన దారిలో తాను నడుస్తూ ఎదురొచ్చిన వాళ్లను మెల్లగా పక్కకు నెట్టేస్తుందని ఆ పేరు పెట్టారు. మొదటి రెండు సాయంత్రాలు జ్వరమని రాలేదు. మూడోనాడు వచ్చి రింగు కింద పాతిన రాటలా నిలబడింది. ఈ ఒంటికి జట్టులో చోటేమిటని, నేను జెర్సీ కోసం ఆ పిల్లను కంటితో కొలవను కూడా లేదు. నాలుగోనాడు చూశాను అసలు సంగతి. బంతి ఆ పిల్ల చేతిలో కాలే గిన్నెలా ఉండేది. పట్టుకున్న మరుక్షణం దించేసేది, దించాల్సిన చోటే దించేది. అటు చూడకుండానే ఇచ్చేది. అందుకున్న పిల్లకు బుట్టలో వేయడం తప్ప మరో దారి ఉండేది కాదు. నేను ఆ డబ్బాలో బొత్తాలు వేసి వేసి వేళ్లు నొప్పి పుట్టాయి. ఆ ఒక్క సాయంత్రమే పంతొమ్మిది.

అదే సాయంత్రం మధ్యలో మంచినీళ్లకు ఆపారు. నిచ్చెన చెమట తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి తన డబ్బాలోకి తొంగిచూసింది. అడుగున ఆ పూటవి రెండే బొత్తాలు. నా మొహం చూసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కసురుకునేవాణ్ని, ఇద్దరికీ బాగుండేది.

ఆట మళ్లీ మొదలైంది. ఎవరో ఒక పిల్ల బుట్టలో వేసింది. రోలరు అందించిన బంతి. రోలరు డబ్బాలో ఒకటి వేశాను, నా చెయ్యి నన్నడక్కుండా ఇంకొకటి తీసి మనవరాలి డబ్బాలో వేసింది. నేను దొంగతనం చేస్తున్నానని ఆ క్షణంలో అనిపించలేదు. పెరిగే పిల్లకు గౌను కుట్టేటప్పుడు కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ ఎక్కువ వదులుతాం. రేపు ఒళ్లు వచ్చినప్పుడు విప్పుకోవచ్చని. పైకి కనబడదు, ఎవరికీ నష్టం లేదు. ఆ అలవాటు కొద్దీ వదిలాను. ఆట ముగిసేసరికి అలా ఏడు వదిలాను.

ఇంటికి వచ్చి హుషారుగా పన్నెండో జెర్సీ వీపు మీద ఎనిమిదో నంబరు కుట్టాను. అది నిచ్చెనది. పేర్లు పెట్టేది శుక్రవారం, పోటీలు సోమవారం, అంతదాకా ఆగండి మామయ్యా అని మా కోడలు చెబుతూనే ఉంది. పనివాడి చెయ్యి ఆగుతుందా.

దీపాలు పెట్టే వేళకు మా కోడలు డబ్బాలన్నీ నా మిషను బల్ల మీదికి తెచ్చి ఒక్కొక్కటే ఒంపి లెక్కపెట్టింది. రాసుకుంది. మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత చాలా మామూలుగా, బియ్యంలో రాయి కనబడినట్టు అంది.

"మామయ్యా, స్కోరు రాసే పిల్ల స్లేటు మీద ఇవాళ పడిన బుట్టలు అరవై మూడు. డబ్బాల్లో డెబ్బై ఉన్నాయి."

పడిన బుట్టకొక బొత్తాం. నంబరు లేని డబ్బాతో కలిపితే రెండు లెక్కలూ ఒకటి కావాలి. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదంటే, నేను చదివిన ఊరిబడికి గోడలు మూడే ఉండేవి. నాలుగో వైపు నుంచి కూడికలన్నీ బయటికి పోయాయని నా నమ్మకం. స్లేటు రాసిన పిల్ల ఎక్కడో పొరబడి ఉంటుందన్నాను.

"అయుండొచ్చు," అంది. "ఏది తప్పో తెలియనప్పుడు ఇవాళ్టి ఆట మొత్తం కొట్టేస్తాను. ముందు మూడు రోజులవే చూస్తాను."

అని కాగితం మడిచి లోపలికి వెళ్లిపోయింది. నా వంక అనుమానంగా చూసినా బాగుండు, చూడలేదు. ఇవాళ్టి ఆట కొట్టేస్తే మా మనవరాలికి పోయేదేమీ లేదు. రోలరు ఆడింది రెండే సాయంత్రాలు. ఒకటి కొట్టేస్తే ఆ పిల్ల లెక్కలోనే ఉండదు.

ఆ పూట నేను నోరు విప్పలేదు. మనవరాలు ముద్ద ముద్దకూ నా వైపు చూస్తుంటే నీళ్లు తాగుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడు. చూస్తే రోలరు. పిల్లలు ఆటలో తొడుక్కున్న నంబరు చొక్కాలన్నీ వాళ్ల నాన్న ఉతికి ఇస్త్రీ చేసిచ్చాడట, కట్ట మోసుకొచ్చింది. కట్ట నా చేతిలో పెట్టి, వెళ్లకుండా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడింది.

"తాతగారూ, నా డబ్బాలో పంతొమ్మిది పడ్డాయని ఇంట్లో చెప్పాను. అంతే కదండీ?"

అంతేనన్నాను.

"మా నాన్న ఇస్త్రీ బల్ల దగ్గర గోడ మీద సుద్దతో రాసిపెట్టాడు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. ఒకవేళ తక్కువైతే చెప్పండి, చెరిపేస్తాను."

చెరపక్కర్లేదన్నాను. ఆ పిల్ల వెళ్లాక కట్ట అక్కడే దించి వంటింట్లోకి నడిచాను. ముందుగది నుంచి వంటింటికి పన్నెండు అడుగులు. ఆ రోజు ఎన్ని నడిచానో లెక్క తెలియదు, పక్క ఊరికి పోయినంత అలిసిపోయాను.

"అమ్మాయ్, స్లేటు తప్పు కాదు," అన్నాను. "ఏడు నేను వేసినవి."

మా కోడలు పొయ్యి తగ్గించింది. "ఏ డబ్బాలో?"

"నువ్వనుకున్న డబ్బాలోనే."

ఆమె అలమరలోంచి మనవరాలి నిన్నటి డబ్బా తీసి, అందులో ఉన్న తొమ్మిదిలోంచి ఏడు ఏరి, నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. అప్పుడు చూశాను, గుమ్మంలో మనవరాలు నిలబడి ఉంది. ఒక జడ వేసుకుంది, రెండోది సగంలో ఉంది.

"ఎవరు వేయమన్నారు తాతా?"

"ఎవరూ వేయమనలేదమ్మా."

"అవి తీసేస్తే నావి మొత్తం ఎన్ని?"

"నాలుగు రోజులవీ కలిపి తొమ్మిది."

జడ మిగతా సగం అల్లుకుంటూ లోపలికి వెళ్లింది. రిబ్బను బిగించుకుని, పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని, తల్లి కోసం ఆగకుండా స్కూలుకు వెళ్లిపోయింది.

శుక్రవారం పేర్లు గోడకెక్కాయి. రోలరు ఏడోది. నిచ్చెన పదమూడోది, అంటే గోడ మీద లేదు. పన్నెండో పిల్లకూ తనకూ తేడా ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కూ పెన్నుతో దిద్దడానికి ఎంతసేపని ఆ రోజు పొద్దున మా అబ్బాయి గొణిగాడు. దానికి మా కోడలు చెప్పిన జవాబు మాత్రం నేను మర్చిపోలేదు. "దిద్దితే అది ఎంత బాగా ఆడినా టీచరు కూతురిగానే ఆడుతుంది," అంది. మా అబ్బాయి వెంటనే డ్యూటీకి వెళ్లిపోయాడు.

మొదట్లో జెర్సీలు ఒక్కటీ తప్పలేదని రాశాను కదా. మూడు తప్పాయి. కంటిచూపుతో కుట్టిన మహానుభావుడికి పన్నెండు మందిలో ముగ్గుర్ని పోల్చుకోవడం చేతకాలేదు. పైగా సరైన పిల్లకే కుట్టిన వాటిలో ఒకటి మెడ పట్టలేదు. ఆ బస్సు పెద్దమనిషి అదృష్టవంతుడు, తిరిగి రాలేదు.

మా ఇంట్లో స్కూలు గేటు లోపల టీచరు, ఇంటి గడప లోపల అమ్మ అని కట్టుబాటు ఉండేది. శుక్రవారం సాయంత్రం నుంచి మా మనవరాలు గడప లోపల కూడా టీచర్ అనడం మొదలుపెట్టింది. "టీచర్, తువ్వాలు ఎక్కడుందండీ?" అనేది, ఎంతో మర్యాదగా. మా కోడలు అంత మర్యాదగానూ తీసి ఇచ్చేది. తర్వాత స్నానాలగదిలో కుళాయి తిప్పి చాలాసేపు వదిలేసేది. ఆ వారం మా అబ్బాయి నడిపిన బస్సు దూరంతో భూమిని ఒక చుట్టు చుట్టి రావచ్చు.

శనివారం మధ్యాహ్నం నేను తప్పిన జెర్సీలు ముందేసుకుని కూర్చున్నాను. రెండింటిని లోపలికి పట్టించేసరికి సరిపోయాయి. మూడోది ఎనిమిదో నంబరు. నిచ్చెన కొలతకు కుట్టింది, రోలరుకు సరిపోవాలి. కొత్త గుడ్డ లేదు. చూసి చూసి ఉపాయం కనిపెట్టాను. నిలువు ఎక్కువ, అడ్డం తక్కువ. కింద చుట్టూ నాలుగు వేళ్లు కత్తిరించేసి, ఆ ముక్కలనే నిలువుగా తిప్పి రెండు పక్కలా పట్టీలుగా అతికితే సరి. పక్క కుట్లు ఎక్కడిదాకా విప్పాలో సుద్దతో గీత పెట్టాను, చంకకు రెండు వేళ్ల కింద.

మనవరాలు ఎప్పుడు వచ్చిందో చూడలేదు. నేల మీద నా కాళ్ల దగ్గర కూర్చుని, చెయ్యి చాపింది. చిన్న కత్తెర అడుగుతోందని అర్థమై ఇచ్చాను. తన కోసం కుట్టిన జెర్సీ ఒళ్లో పరుచుకుని కుట్లు ఒక్కొక్కటే తెంపసాగింది. గీత దగ్గరికి వచ్చాక ఆగింది.

"గీత తప్పు పెట్టావు తాతా. చంక దాకా విప్పాలి. ఆ పిల్ల రెండు చేతులూ పూర్తిగా ఎత్తితేనే ఎవరూ దాటలేరు. బిగిస్తే ఎత్తలేదు. నాకు తెలుసు, నన్ను నాలుగుసార్లు అలాగే ఆపింది."

సరేనని చంక దాకా పట్టీ కుట్టాను.

సోమవారం మా పిల్లలు మొదటి ఆట గెలిచారు. రెండోది నాలుగు పాయింట్లతో ఓడిపోయారు. రోలరు రింగు కింద చేతులెత్తి నిలబడితే అవతలి జట్టు పిల్లలు దారి వెతుక్కుంటూ స్కూలు చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. జెర్సీ పక్కన ఒక్క కుట్టు తెగలేదు. ఇస్త్రీ ఆయన నా పక్కనే కూర్చుని, బుట్టలో ఎవరు వేసినా తన కూతురే వేసినట్టు నా తొడ మీద చరిచాడు. మా మనవరాలు ఎంపిక కాని పిల్లలతో నాలుగు వరసల వెనకాల కూర్చుంది. ఆట చూసింది. చప్పట్లు కొట్టిందో లేదో వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

టీచర్ అన్న పిలుపు తొమ్మిది రోజులు నడిచింది. పదోనాడు పొద్దున స్కూలుకు ఆలస్యమై, తెల్ల మేజోళ్లలో ఒకటి దొరక్క, "అమ్మా, రెండోది ఏదీ," అని అరిచింది. మా కోడలు మంచం కింద వెతికి ఇచ్చింది. ఎవరూ ఏమీ గమనించనట్టే ఉన్నాం. మా అబ్బాయికి ఆ రోజు నుంచి అదనపు డ్యూటీలు పడటం మానేశాయి.

ఆ తర్వాత వారమో రెండు వారాలో గడిచాక, తెల్లవారుతుండగా పెరట్లో బంతి చప్పుడు వినబడి వెళ్లి చూశాను. తల్లి చేతులు చాపి అడ్డం నిలబడింది. కూతురు ఆమెను దాటించి బంతి ఇవ్వాలి. ఇవ్వడానికి మూడో మనిషి కావాలి కదా. నన్ను చూడగానే ఇద్దరూ ఒకేసారి గోడ పక్క ఖాళీ చోటు చూపించారు. డెబ్బై ఒకటో ఏట నేను బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాను. మొదటి బంతి ఛాతీకి తగిలింది, రెండోది చెవికి. మూడోది పట్టుకున్నాను.

ఇదంతా నిజమే, ఒక్కటి తప్ప. శనివారం మధ్యాహ్నం మా మనవరాలు అన్నదని రాశానే, ఆ మాటలు తను అనలేదు. కథలో మనిషన్నాక అలాంటప్పుడు ఏదో ఒకటి అనాలి కదా అని నేను కుట్టిపెట్టినవి అవి. తను అసలు నోరే తెరవలేదు. కుట్లు తెంపుకుంటూ నా గీత దగ్గరికి వచ్చింది, అక్కడ ఆగలేదు, రెండు వేళ్ల పైకి చంక దాకా తెంపి, కత్తెర నా పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. ఎందుకని నేనూ అడగలేదు. అక్కడిదాకా పట్టీ కుట్టాను.